సైలెంట్ హంటర్ 3: రాడార్ ఉన్న కాన్వాయ్‌ని 1943లో కొట్టేదెలా?

రాత్రివేట
సైలెంట్ హంటర్ 3 గేమ్‌లో జర్మన్ సబ్‌మెరైన్ (యూబోట్) కెప్టెన్‌గా 1941 దాకా కెరీర్ సాఫీగా సాగింది. చీకటి పడ్డాక పైకి తేలి, కాన్వాయ్ (కాపలాతో గుంపుగా పోయే సరుకు ఓడలు) వరసల మధ్యకి దూరి, నాలుగు టార్పెడోలు వదిలి, ఫుల్ స్పీడ్‌లో బయటికి వచ్చేసేవాణ్ణి. ఇప్పుడు గేమ్‌లో 1943 మార్చి. టైప్ 7సి బోటు, జీడబ్ల్యూఎక్స్ మోడ్ (గేమ్‌ని మార్చే ప్యాకేజీ). చిమ్మచీకటి. నా వాచ్ సిబ్బందికి ఒక్క ఓడ కూడా కనబడలేదు, అప్పటికే డిస్ట్రాయర్ ముక్కు తిప్పి నా మీదికి వచ్చేస్తోంది. పాయింట్లు పోసి మెటాక్స్ (శత్రువు రాడార్‌ని పసిగట్టే పరికరం) పెట్టించుకున్నాను, అది కిక్కురుమనదు. గేమ్ మోసం చేస్తోందా, లేక దీనికో పద్ధతి ఉందా? మళ్లీ 1940 నుంచి మొదలుపెట్టమని మాత్రం చెప్పకండి.

లోతు230
మోసం కాదు బ్రో. మెటాక్స్ పట్టేది మీటరు, మీటరున్నర తరంగాల పాత రాడార్‌ని. 1943కి ఎస్కార్ట్‌ల (కాపలా యుద్ధనౌకల) మీద ఉన్నది టైప్ 271, దాని తరంగం 10 సెంటీమీటర్లు. మెటాక్స్‌కి అది వినబడదు. దాన్ని పట్టే నాక్సోస్ వచ్చేదాకా నీకు హెచ్చరిక అనేదే లేదు, అది 1943 చివర్లో గానీ రాదు.

కాకినాడ_కెప్టెన్
పొగమంచు పడినప్పుడు వెళ్లు. నువ్వు ఎవరికీ కనబడవు. సింపుల్.

టార్పెడో_తాత
కెప్టెన్ బాబూ, ఆ సలహా వింటే రాత్రివేట మునిగినట్టే. పొగమంచు కళ్లకి అడ్డం, రాడార్‌కి కాదు. అసలు యుద్ధంలో సరిగ్గా ఇదే జరిగింది. 1943 మే మొదటి వారంలో ఓఎన్ఎస్ 5 అనే కాన్వాయ్ చుట్టూ జర్మన్లు నలభైకి దగ్గర్లో బోట్లు మోహరించారు. 4వ తేదీ రాత్రి, మర్నాడు పగలు ఓడలు వరసగా మునిగాయి. 5వ తేదీ రాత్రి మంచు దిగింది. అక్కడితో కథ తిరగబడింది. యూబోట్ కెప్టెన్లకి వంద గజాల అవతల ఏముందో తెలియదు, ఎస్కార్ట్‌లకి మాత్రం తెర మీద ప్రతి బోటూ చుక్కలా కనబడుతోంది. ఆ ఒక్క రాత్రిలో, తెల్లారేలోపు కనీసం నాలుగు బోట్లు పోయాయి. ఒకదాన్ని ఒరీబీ అనే డిస్ట్రాయర్ ఏకంగా గుద్దేసింది. ఆ నెల మొత్తం మీద 41 బోట్లు పోతే, జర్మన్ నౌకాదళాధిపతి డోనిట్జ్ 24వ తేదీన ఉత్తర అట్లాంటిక్ నుంచి బోట్లని వెనక్కి పిలిచేశాడు.

నువ్వు ఆడుతున్నది దానికి రెండు నెలల ముందు. కష్టంగా ఉండటంలో ఆశ్చర్యం లేదు.

కాకినాడ_కెప్టెన్
సరే తాతగారూ, ఒప్పుకున్నా. మరి మంచు పడితే ఏం చెయ్యాలి?

టార్పెడో_తాత
మునిగి హైడ్రోఫోన్ (నీటిలో చప్పుడు వినే పరికరం) దగ్గర కూర్చో. మంచులో నీ చెవులు పనిచేస్తాయి, కళ్లు పనిచెయ్యవు.

బేరింగ్_జీరో
రాత్రివేటకి నా సమాధానం కొంచెం పొడుగు, ఓపిగ్గా చదువు.

నువ్వు రాడార్‌తో పోరాడుతున్నావు. పోరాడకు. అది చూడగలిగేది నీటిపైన ఉన్నదాన్ని, కొంత దూరంలోపు ఉన్నదాన్ని. కాబట్టి నీటిపైన చెయ్యాల్సిన పనంతా ఆ దూరానికి అవతల చేసెయ్యి. లోపలికి వచ్చేటప్పుడు నీళ్లలోంచి రా. నీటిపైన బోటు ఆయుధం కాదు, అక్కడికి చేర్చే బండి మాత్రమే.

లెక్క చూడు. కాన్వాయ్ 8 నాట్లలో పోతోందనుకుందాం. గంటకి దాదాపు 15 కిలోమీటర్లు. నువ్వు పైన 16 నాట్లు పోగలవు. తేడా 8 నాట్లు. అంటే కాన్వాయ్‌కి సమాంతరంగా, పక్కన దూరంగా పోతూ 30 కిలోమీటర్లు ముందుకి చేరాలంటే రెండు గంటలు. పక్కన ఎంత దూరం ఉంచాలి? నేనైతే 15 కిలోమీటర్లకి తక్కువ వెళ్లను. ముందుకి చేరాక కాన్వాయ్ దారిలోకి అడ్డంగా వచ్చి, మునిగి ఎదురుచూడు.

చాలామంది తప్పేది ఇక్కడే. కాన్వాయ్ 15 కిలోమీటర్ల దూరంలో ఉండగా మునిగితే అది నీ దగ్గరికి రావడానికి గంట. ఆ గంటలో నువ్వు 2 నాట్లలో కదిలేది నాలుగు కిలోమీటర్లు కూడా కాదు. కాబట్టి మునిగేటప్పటికే వాళ్ల దారికి మూడు కిలోమీటర్ల లోపు ఉండాలి. అంతకన్నా పక్కన ఉంటే ఎంత ఏడ్చినా అందదు. దిశ, వేగం కచ్చితంగా తెలియకపోతే ఈ పద్ధతి పనికిరాదు, అందుకే ముందు రోజంతా వెంటాడి ఆ రెండూ రాబట్టాలి.

రాత్రివేట
వేగం ఎలా రాబడతారు? నేను ఆఫీసర్ చెప్పింది నమ్ముతున్నా.

లోతు230
మ్యాప్ మీద ఓ ఓడ ఉన్న చోట పెన్సిల్ గుర్తు పెట్టు. స్టాప్‌వాచ్‌లో 3 నిమిషాల 15 సెకన్లు లెక్కపెట్టి మళ్లీ గుర్తు పెట్టు. మధ్యలో దూరం ఎన్ని వందల మీటర్లు ఉంటే అన్ని నాట్లు. 800 మీటర్లు వస్తే 8 నాట్లు. అంతే. ఆ రెండు గుర్తుల్ని కలిపే గీతని పొడిగిస్తే దిశ కూడా వచ్చేసింది. కాన్వాయ్ వంకరలు తిరుగుతుంటే మాత్రం గంటకోసారి గుర్తు పెట్టి సగటు గీత గియ్యాలి.

వైజాగ్_సోనార్
నేను దీన్ని పగలే చేస్తాను. జీడబ్ల్యూఎక్స్‌లో 16 కిలోమీటర్ల వాతావరణం ఎంచుకుంటే పగలు చాలా దూరం నుంచే పొగ, స్తంభాలు కనబడతాయి. స్టాక్ గేమ్‌లో (మోడ్ లేనిదానిలో) చూపు 8 కిలోమీటర్లే, అక్కడ ఓడ కనబడిందంటే నువ్వూ వాళ్లకి కనబడుతున్నట్టే లెక్క. రాత్రిపూట అయితే గంటకోసారి మునిగి, ఇంజన్ ఆపి, హైడ్రోఫోన్ నువ్వే పట్టుకో. మన ఆపరేటర్ "ఏమీ లేదు" అన్న చోట కూడా చక్రం నిదానంగా తిప్పితే సన్నగా ప్రొపెల్లర్ల చప్పుడు దొరుకుతుంది. సరుకు ఓడలది బరువైన నిదానపు దరువు, ఎస్కార్ట్‌ది గబగబా కొట్టుకునే చప్పుడు. రెండూ విడివిడిగా వినబడుతున్నాయంటే కాన్వాయే.

గోదారిగట్టు
మీరందరూ దీన్ని అనవసరంగా కష్టం చేస్తున్నారు. నేను 1943లో కూడా రాత్రి నీటిపైనే కొడుతున్నాను. గాలి బాగా ఉన్న రాత్రి ఎంచుకో, అలలు ఎత్తుగా ఉండాలి. డెక్ నీళ్లలో మునిగి, కన్నింగ్ టవర్ (డెక్ మీది బురుజు) మాత్రమే పైన ఉండేలా లోతు సర్దు. డీజిల్ ఆగి బ్యాటరీకి మారకుండా ఎంతవరకు దిగుతుందో ఒకసారి ప్రయత్నించి చూసుకో. ముక్కు ఎప్పుడూ ఎస్కార్ట్ వైపే ఉంచు, పక్క చూపించకు. గేమ్‌లో రాడార్ లెక్కలో అలల ప్రభావం, బోటు కనబడే వైశాల్యం రెండూ ఉన్నాయి, గేమ్ సెట్టింగుల సిమ్ ఫైలు తెరిచి చూస్తే అర్థమవుతుంది.

బేరింగ్_జీరో
గోదారిగట్టూ, పనిచేస్తుంది, కానీ ఎస్కార్ట్‌లు రెండో మూడో ఉన్న చిన్న కాన్వాయ్ మీద. ఆరేడు ఉన్న చోట ఒకడికి ముక్కు చూపిస్తే ఇంకొకడికి పక్క చూపించినట్టే. పైగా అలలు అంత ఎత్తున ఉంటే టార్పెడో గురి ఏం కావాలి? మాగ్నెటిక్ పిస్టల్ (ఓడ అయస్కాంతత్వానికి టార్పెడోని పేల్చే మీట) అలాంటి సముద్రంలో ముందే పేలిపోతుంది.

గోదారిగట్టు
ఇంపాక్ట్ పిస్టల్ (తగిలితేనే పేల్చేది) పెట్టు, అంతే కదా. రెండు మూడు టార్పెడోలు వదిలి వెనక్కి తిరగడమే, మొత్తం బోటు ఖాళీ చెయ్యమని ఎవరన్నారు? నీటిపైన ఉంటే 17 నాట్లు పారిపోవచ్చు. మునిగితే రెండు నాట్లతో పాకాలి. నాకు ఆ స్వేచ్ఛ ముఖ్యం.

టార్పెడో_తాత
గోదారిగట్టు ధైర్యానికి దండం. కానీ ఈ పద్ధతికి గండి పడింది 1943లో కాదు, ఇంకా ముందే. 1941 మార్చి 17, హెచ్ఎక్స్ 112 కాన్వాయ్. షెప్కే నడిపే యూ-100ని వానాక్ అనే డిస్ట్రాయర్ చీకట్లో రాడార్ మీద పట్టుకుని, గుద్ది ముంచేసింది. ఓడ రాడార్‌కి చిక్కి మునిగిన మొదటి యూబోట్ అదే. అదే రాత్రి, అదే చోట, కాన్వాయ్ లోపలికి దూరి కొట్టడంలో అందరికన్నా పేరున్న క్రెష్మర్ కూడా బోటు పోగొట్టుకుని బందీ అయ్యాడు. అప్పటికి వానాక్ మీద ఉన్నది పాత మీటరు తరంగాల రాడార్, అంత గొప్పదేమీ కాదు. ఆ తర్వాత వచ్చిన 10 సెంటీమీటర్లది దీనికి పెద్దన్న. 1940 ఫిబ్రవరిలో బర్మింగ్‌హామ్‌లో రాండల్, బూట్ ఇద్దరూ మాగ్నెట్రాన్ చేసి చూపించడంతోనే నీ రాత్రుళ్లు అయిపోయాయి అన్నమాట, ఏడాది తర్వాత సముద్రంలో తెలిసింది.

గోదారిగట్టు
తాతగారూ అది చరిత్ర, ఇది గేమ్. నా బోటు ఇంకా తేలుతోంది :)

రాత్రివేట
బేరింగ్ అన్నా, నీ పద్ధతికే ఓటు. దారిలో మునిగి కూర్చున్నాను అనుకో. ముందున్న ఎస్కార్ట్ నా మీద నుంచే వెళ్తుంది కదా, ఆస్డిక్‌తో (శబ్దం పంపి ప్రతిధ్వనితో వెతికే సోనార్) పట్టెయ్యదా?

బేరింగ్_జీరో
పట్టకుండా ఉండాలంటే మూడు పనులు. ఆ ఎస్కార్ట్ ఐదు కిలోమీటర్లలో ఉండగానే 90 మీటర్లకి దిగిపో. సైలెంట్ రన్నింగ్ (చప్పుడు లేని నడక) పెట్టు, వేగం 2 నాట్లు దాటొద్దు. ముక్కు దానివైపే ఉంచు, ఆస్డిక్ శబ్దం తగలడానికి నీ బోటు సన్నగా ఉంటుంది.

అది నెత్తి మీద నుంచి దాటగానే పైకి రావడం మొదలుపెట్టు, ఆలస్యం చెయ్యకు. ముందు ఎస్కార్ట్‌కి, మొదటి వరస సరుకు ఓడలకి మధ్య మూడు కిలోమీటర్లు ఉంటే, 8 నాట్ల కాన్వాయ్ ఆ దూరాన్ని 12 నిమిషాల్లో దాటేస్తుంది. ఆ 12 నిమిషాల్లో పెరిస్కోపు లోతుకి చేరి, గొట్టాల తలుపులు తెరిచి, గురి చూసుకోవాలి. తలుపులు ముందే తెరవకపోతే ఫైర్ నొక్కాక అవి తెరుచుకునేదాకా టార్పెడో ఆగుతుంది, నీ గురి కాస్తా ఓడ వెనక్కి పోతుంది. ఇది ఎవరూ చెప్పరు, నేను చెబుతున్నాను.

పెరిస్కోపు ఐదు సెకన్లు పైన, దించెయ్యి. మళ్లీ అర నిమిషానికి ఇంకో ఐదు సెకన్లు. టైప్ 271 దగ్గర్లో ఉంటే ప్రశాంత సముద్రంలో పెరిస్కోపుని కూడా పట్టగలదు.

లోతు230
దీనికి ఒకటి కలుపుతా. దూరంగా ఉన్న ఓడ మీద ముందు వదులు. జర్మన్ ఎలక్ట్రిక్ టార్పెడో 30 నాట్లు, అంటే సెకనుకి దాదాపు 15 మీటర్లు. 2000 మీటర్లకి రెండు నిమిషాల పైన, 1000 మీటర్లకి ఒక నిమిషం పైన. దూరపు ఓడ మీద రెండు వదిలి, నిమిషం ఆగి, దగ్గరి ఓడ మీద రెండు వదిలితే నాలుగూ దాదాపు ఒకేసారి పేలతాయి. మొదటి పేలుడు వినగానే ఓడలన్నీ మలుపులు మొదలుపెడతాయి, ఆ తర్వాత గురి ఉండదు. ఆవిరి టార్పెడో 44 నాట్లు పోతుంది కానీ బుడగల గీత వదులుతుంది, పగలు వాడకు.

కాకినాడ_కెప్టెన్
ఇదంతా ఎందుకు, ముందు ఎస్కార్ట్‌ని టీ5తో లేపేస్తే పోలా? చప్పుడుని వెంటాడే టార్పెడో ఉండగా టెన్షన్ ఎందుకు?

లోతు230
కెప్టెన్, రాత్రివేట కెరీర్ 1943 మార్చి. టీ5 మొదటిసారి పెద్ద ఎత్తున వాడింది సెప్టెంబర్‌లో, ఓఎన్ఎస్ 18, ఓఎన్ 202 కాన్వాయ్‌ల మీద. ఇంకా ఆర్నెల్లు.

వైజాగ్_సోనార్
వచ్చాక కూడా జాగ్రత్త. చప్పుడు చేసే వస్తువుని తాడు కట్టి వెనక లాగడం వాళ్లు త్వరగానే మొదలుపెట్టారు, ఫాక్సర్ అంటారు. టీ5 దాని వెంట పోతుంది. నేనైతే టీ5ని వెనక గొట్టంలో ఉంచి, నా మీదికి తరుముకొస్తున్న ఎస్కార్ట్ మీదే వదులుతాను. వదిలాక లోతుకి దిగి ఇంజన్ ఆపాలి, లేకపోతే నీ చప్పుడు వెంటే తిరిగొస్తుంది.

రాత్రివేట
సరే, పేల్చాను. తర్వాత? నేను ఎప్పుడూ దొరికేది అక్కడే.

టార్పెడో_తాత
బయటికి పారిపోకు, లోపలికి పారిపో. కాన్వాయ్ కిందికి దిగి, అది వచ్చిన దిక్కుకి, అంటే దానికి ఎదురుగా పో. సరుకు ఓడల ప్రొపెల్లర్ల హోరు, అవి రేపిన నీళ్లు నీ మీద కప్పు వేస్తాయి. ఎస్కార్ట్‌లు వరసల మధ్య సరిగ్గా తిరగలేవు. కాన్వాయ్ వరసల పొడుగు రెండు, మూడు కిలోమీటర్లుంటే పది నిమిషాల్లో మొత్తం నీ మీద నుంచి దాటిపోతుంది. అప్పటికి నువ్వు 150, 180 మీటర్ల లోతులో, కాన్వాయ్ వెనక ఉంటావు. వాళ్లకి కాన్వాయ్‌ని వదిలి నీ కోసం ఎక్కువసేపు ఆగే వీలుండదు.

లోతు230
దొరికిపోతే కూడా లెక్క ఉంది. మామూలు డెప్త్ ఛార్జ్ (నీటి లోతున పేలే బాంబు) సెకనుకి మూడు మీటర్ల చొప్పున మునుగుతుంది. నువ్వు 180 మీటర్లలో ఉంటే నిమిషం టైముంది. డిస్ట్రాయర్ బాగా దగ్గరికి వచ్చాక దాని ఆస్డిక్ కిరణం నీ మీదుగా పోతుంది, ఆ చివరి క్షణాల్లో దానికి నువ్వు కనబడవు. ఎంత లోతులో ఉంటే అంత ముందుగా కనబడకుండా పోతావు. ఛార్జ్‌లు నీళ్లలో పడిన చప్పుడు వినగానే ఫుల్ స్పీడ్, చుక్కాని పూర్తిగా ఒక పక్కకి. 6 నాట్లలో ఆ నిమిషంలో 180 మీటర్లు జరుగుతావు. పేలుళ్లు ఆగేలోపే మళ్లీ 2 నాట్లకి దిగిపో, ఎందుకంటే పేలుళ్ల హోరులో నీ ఇంజన్ వినబడదు.

హెడ్జ్‌హాగ్ ఉన్నవాడితో ఇది నడవదు. 24 చిన్న బాంబులు ముందుకి విసురుతాడు, ఆస్డిక్ పట్టు వదలకుండానే. తగిలితేనే పేలతాయి. నీళ్లలో టపటపా పడిన చప్పుడు విని, పేలుడు రాకపోతే తప్పించుకున్నట్టు. వాడు నీవైపు నేరుగా వస్తూ వేగం తగ్గించాడంటే అదే. అప్పుడే అడ్డంగా తిరుగు, చప్పుడు వినేదాకా ఆగకు.

గోదారిగట్టు
నీటిలో వేడి, చల్లని పొరల కింద దాక్కోవచ్చు కదా?

లోతు230
అది నాలుగో భాగంలో, పసిఫిక్ గేమ్‌లో. మూడో భాగంలో ఆ పొరలు లేవు. బోల్డ్ అనే మోసపు బుడగల డబ్బా ఉంది, పాయింట్లుంటే పెట్టించుకో. వదిలి వెంటనే దిశ మార్చాలి, లేకపోతే దాని పక్కనే నువ్వూ దొరుకుతావు.

వైజాగ్_సోనార్
ఒక పక్క మాట. సబ్‌మెరైన్ లోపల ఎంత ఇరుకో తెలియాలంటే వైజాగ్ ఆర్కే బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియం చూడండి. నేను వెళ్లిన ప్రతిసారీ ముందు టార్పెడో గది దగ్గరే ఆగిపోతాను. ఆరు గొట్టాల గుండ్రటి ఇత్తడి మూతలు, వాటి పక్కనే సిబ్బంది పడుకునే మంచాలు. గుండ్రటి తలుపుల్లోంచి కాళ్లు ముందు పెట్టి, తల వంచి దూరాలి. గేమ్‌లో "టార్పెడో రీలోడ్" అని ఒక గీత నిండుతుంటుంది కదా, అక్కడ నిలబడి చూస్తే ఆ గీత వెనక ఎంత పని ఉందో తెలుస్తుంది. డెబ్బై అయిదు మంది అందులో ఉండేవాళ్లు.

కాకినాడ_కెప్టెన్
అందుకే సైలెంట్ రన్నింగ్‌లో రీలోడ్ ఆపేస్తారు. ఆ గదిలో టన్నున్నర బరువు గొలుసులతో లాగితే చప్పుడు రాకుండా ఎలా ఉంటుంది.

రాత్రివేట
చేశాను! పగలంతా 15 కిలోమీటర్ల దూరంలో వెంట ఉన్నాను, పెన్సిల్ గుర్తులతో 7 నాట్లు తేలింది. సాయంత్రానికి ముందుకి చేరి మునిగాను. ముందున్న కార్వెట్ (చిన్న ఎస్కార్ట్) నా మీద నుంచే దాటింది, ప్రొపెల్లర్ చప్పుడు స్పీకర్లో ఎడమ నుంచి కుడికి పోతుంటే ఊపిరి బిగబట్టాను. మూడో వరసలో ట్యాంకర్, రెండో వరసలో పెద్ద సరుకు ఓడ. దూరపుదాని మీద ముందు వదిలాను. రెండూ పదిహేను సెకన్ల తేడాతో పేలాయి. ట్యాంకర్ వెంటనే మునిగింది, రెండోది వంగి ఆగిపోయింది. తాతగారు చెప్పినట్టు కిందికి దూరి వెనక్కి వచ్చాను. ఒక ఎస్కార్ట్ కాసేపు వెతికింది గానీ దగ్గరికి రాలేదు.

బేరింగ్_జీరో
శభాష్! ఆగిపోయిన ఓడ కోసం ఇప్పుడే పైకి రాకు, ఒక ఎస్కార్ట్ దాని చుట్టూ ఉంటుంది. రెండు గంటలు ఆగి హైడ్రోఫోన్‌తో విను.

టార్పెడో_తాత
పైకి వచ్చాక రేడియోలో గొప్పలు పంపకు. అసలు యుద్ధంలో రాడార్‌తో సమానంగా చంపింది ఆ అలవాటే. ఎస్కార్ట్‌ల మీదే రేడియో దిశ పట్టే పరికరాలు ఉండేవి, చిన్న సందేశం చాలు, ఆ గీత పట్టుకుని వచ్చేసేవారు. గేమ్‌లో మనకి తోడొచ్చే మంద ఎలాగూ లేదు, సందేశం ఎవరి కోసం?

లోతు230
ఇంకొకటి, కాన్వాయ్ దగ్గర్లో ఉండగా, మునిగి ఉండగా సేవ్ చెయ్యకు. మళ్లీ తెరిస్తే చెడిపోయే అవకాశం ఎక్కువ. దూరంగా వచ్చి, నీటిపైన, చుట్టూ ఎవరూ లేనప్పుడు సేవ్ చెయ్యి.

రాత్రివేట
సేవ్ అయింది, ఆ రెండోది కూడా మునిగింది. ఇంధనం సగానికి వచ్చింది, ఇక ఫ్రాన్స్‌లోని స్థావరం లోరియాంకి తిరుగు ప్రయాణం. బిస్కే అఖాతంలో విమానాల సంగతేంటి? వాటికీ ఇదే రాడారా?

వైజాగ్_సోనార్
అవును, 1943 మొదటి నుంచి విమానాల మీద కూడా 10 సెంటీమీటర్లదే, మెటాక్స్ దాన్నీ వినదు. దానికి తోడు లీ లైట్ (విమానానికి బిగించిన సెర్చ్‌లైట్), 1942 వేసవి నుంచే ఉంది. చీకట్లో నీ మీదికి వచ్చి చివరి నిమిషంలో లైటు వేస్తారు, అప్పుడు మునగడానికి టైముండదు. ఇంకో రెండు నెలల్లో డోనిట్జ్ పగలు నీటిపైనే ఉండి విమానాలతో పోరాడమని ఆర్డర్ వేస్తాడు, ఆగస్టుకల్లా వెనక్కి తీసుకుంటాడు. నువ్వు ఆ ఆర్డర్ పాటించకు. రాత్రింబవళ్లు మునిగే వెళ్లు, బ్యాటరీ నింపడానికి మాత్రమే పైకి రా. అది కూడా పగలు, ఆకాశం తేటగా ఉన్నప్పుడు, వాచ్‌లో నీ మంచి కళ్లవాళ్లని నిలబెట్టి. విమానం కనబడిన క్షణమే దిగిపో, తుపాకి దగ్గరికి ఎవరినీ పంపకు.

గోదారిగట్టు
పగలా? నేనైతే రాత్రే పైకి వస్తాను.

వైజాగ్_సోనార్
పగలు కనీసం నీ కళ్లు పనిచేస్తాయి. రాత్రి వాళ్ల రాడార్ ఒక్కటే పనిచేస్తుంది.